జపాన్‌లో చెత్త ఎలా పారేయాలి? సంచి వెనక్కి రాకుండా ఉండాలంటే

కొత్తగా వచ్చినవాళ్ల నుంచి నాకు ఎప్పుడూ ఒకే రకం ఫొటో వస్తుంది. ఖాళీ అయిపోయిన ఫుట్‌పాత్, చుట్టిపెట్టిన నీలం వల, పక్కనే ఒంటరిగా ఒక సంచి, దాని మీద స్టిక్కర్. కింద మెసేజ్: "అన్నా, అందరిదీ తీసుకెళ్లారు, మాది మాత్రం వదిలేశారు. ఎందుకు?"

వీసా గురించి కూడా ఇన్ని ప్రశ్నలు రావు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక అయిపోయి ఇది రాస్తున్నాను. నేనుండేది టోక్యోలో ఎడోగవా వార్డు, నిషి కసాయి వైపు. అందుకే ఉదాహరణలు ఎక్కువగా ఇక్కడివే. చెత్త నియమాలు జపాన్ అంతటికీ ఒకటి కావు. ఊరు మారితే, ఒక్కోసారి పక్క వార్డుకి మారినా, మారిపోతాయి. టోకుషిమా ప్రిఫెక్చర్‌లో కమికాట్సు అనే కొండ ఊళ్లో చెత్తని 40కి పైగా రకాలుగా వేరు చేస్తారు. మనకి ఏడెనిమిది రకాలతో సరిపోతుంది, అదే అదృష్టం.

కావలసినవి

- మీ చిరునామాకి వర్తించే గోమి క్యాలెండర్. గోమి అంటే చెత్త. దిగిన 14 రోజుల్లోపు అడ్రస్ రిజిస్టర్ చేయించడానికి వార్డు ఆఫీసుకి ఎలాగూ వెళ్తారు. ఆ కౌంటర్‌లోనే అడిగి తీసుకోండి. చాలాచోట్ల ఇంగ్లిష్‌లో కూడా ఇస్తారు.
- సరైన సంచులు. టోక్యో 23 వార్డుల్లో 45 లీటర్ల లోపు, లోపలున్నది కనిపించే సంచి ఏదైనా సరిపోతుంది. క్యోటోలో మండే చెత్తకి ఊరి ముద్ర ఉన్న పసుపు సంచులే కొనాలి. ఫుకువోకాలో మండే చెత్తకి ఎర్రవి, మండని చెత్తకి నీలంవి, సీసాలకి పసుపువి. నల్ల సంచి మాత్రం ఇండియా నుంచి తెచ్చుకోకండి. ఎవరూ ముట్టుకోరు.
- సింకు జాలీకి తొడిగే సన్నటి వలలు, నూనె గట్టిపరిచే పొడి, కాగితాలు కట్టడానికి తాడు, ఒక మంచి కత్తెర. అన్నీ హండ్రెడ్ యెన్ షాపులో దొరుకుతాయి.
- బాల్కనీలో ఒక మూల జాగా. అసలు కష్టం ఇదే. నెలకి రెండుసార్లే తీసుకెళ్లే చెత్తని మిగతా రోజులు మీరే దాచుకోవాలి.

1. ముందు క్యాలెండర్ చదవడం నేర్చుకోండి

మా దగ్గర మండే చెత్త వారానికి రెండుసార్లు, రీసైక్లింగ్‌వి వారానికి ఒకసారి, మండనివి నెలకి రెండుసార్లు తీసుకెళ్తారు. సగం మంది తప్పు చేసేది ఈ చివరి దాంట్లోనే. క్యాలెండర్‌లో "1వ, 3వ బుధవారం" అని ఉంటే దాన్ని "వారం విడిచి వారం" అని చదువుకుంటారు. రెండూ ఒకటి కాదు. నెలలో ఐదు బుధవారాలు వచ్చాయనుకోండి, ఐదోది ఖాళీ. మూడో బుధవారం తర్వాత మళ్లీ వచ్చే నెల మొదటి బుధవారమే, అంటే మూడు వారాల తర్వాత. మీరు వారం విడిచి వారం లెక్క వేసుకుంటే ఆ ఖాళీ బుధవారం నాడే సంచి పెడతారు. పైగా అది మొదటి వారమో రెండో వారమో కాదు, నెలలో ఎన్నో బుధవారం అన్నదే లెక్క. నెల శుక్రవారంతో మొదలైతే ఈ తేడా బాగా తెలుస్తుంది.

వెంటనే చేయాల్సిన పని: ఫోన్ క్యాలెండర్‌లో ఒక్కో రకానికి ఒక్కో అలారం పెట్టండి, ముందు రోజు రాత్రి 9 గంటలకి. "నెలలో మొదటి బుధవారం" అని రిపీట్ పెట్టుకునే వీలు ఫోన్‌లో ఉంటుంది. కొత్త సంవత్సరం సెలవుల్లో నాలుగైదు రోజులు బండి రాదు. డిసెంబర్ చివరి తేదీలు చూసుకోకపోతే జనవరి మొదటి వారమంతా చెత్తతో కాపురం చేయాలి.

2. ఇంట్లో నాలుగు కుప్పలు పెట్టుకోండి

పేర్లు జపనీస్‌లోనే గుర్తుపెట్టుకోండి, పక్కింటివాళ్లని అడగడానికి పనికొస్తాయి.

*మోయేరు గోమి* (కొన్నిచోట్ల మోయసు గోమి), మండే చెత్త: వంటింటి చెత్త, మురికి కాగితాలు, టిష్యూలు, డైపర్లు, కడిగినా జిడ్డు వదలని ప్లాస్టిక్. టోక్యోలో రబ్బరు చెప్పులు, తోలు బెల్టులు కూడా ఇందులోకే వస్తాయి. డైపర్లలో ఉన్నది ముందు టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయాలి.

*మోయెనై గోమి*, మండనివి: పగిలిన గాజు, పింగాణీ, చిన్న లోహపు సామాను. పాడైన మిక్సీ జారు, చిన్న మూకుడు ఇందులోకి.

*షిగెన్*, అంటే రీసైక్లింగ్‌వి: పెట్ బాటిళ్లు (నీళ్లు, కూల్‌డ్రింకులు వచ్చే ప్లాస్టిక్ సీసాలు), డబ్బాలు, గాజు సీసాలు, పేపర్లు, అట్టపెట్టెలు, శుభ్రంగా ఉన్న ప్లాస్టిక్ ప్యాకింగ్. ఇవన్నీ ఒకే సంచిలో వేయకూడదు. వేటికవే.

*సోదై గోమి*, పెద్ద సామాను: దీనికి వేరే తంతు ఉంది, చివర్లో చెప్తాను.

ఏ వస్తువు ఎందులోకి వస్తుందో తెలియకపోతే "సుమిమాసెన్, కొరె వ నన్నో గోమి దెస్ కా?" అని అపార్ట్‌మెంట్ కేర్‌టేకర్‌ని అడగండి. "ఏమండీ, ఇది ఏ రకం చెత్త?" అని అర్థం. ఆయన్ని కన్రినిన్ సాన్ అంటారు. ఆయనతో పరిచయం పెంచుకుంటే సగం టెన్షన్ పోతుంది.

3. వంటింటి చెత్తలో నీళ్లు తీసేయండి

మన వంటింట్లో నీళ్ల చెత్త ఎక్కువ. చింతపండు పిప్పి, టీ పొడి, సొరకాయ చెక్కు, అడుగున మిగిలిన పప్పు. దీన్ని అలాగే సంచిలో వేస్తే ఎండాకాలంలో ఒక్క రాత్రికే కంపు కొడుతుంది, సంచి అడుగున కారుతుంది, లిఫ్ట్‌లో చుక్కలు పడతాయి. ఆ చుక్కలే మీ అంతస్తు నంబరు అందరికీ చెప్పేస్తాయి.

సింకు జాలీకి వల తొడగండి. రాత్రి గిన్నెలు తోమాక దాన్ని తీసి గట్టిగా పిండండి, పాత పేపర్‌లో చుట్టి అప్పుడు సంచిలో వేయండి. సాంబారు, పులుసు సింకులో వంచాల్సి వస్తే ఆ వల మీదే వంచాలి, కాయముక్కలు పైపులోకి పోకూడదు. జూలై, ఆగస్టుల్లో చేపముక్కలు, రొయ్య పొట్టు కవర్‌లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టి, బండి వచ్చే రోజు పొద్దున్నే తీసి సంచిలో వేయండి. మొదట్లో మా ఆవిడ "చెత్తని ఫ్రిజ్‌లో పెట్టడమేంటి" అంది. ఒక్క ఆగస్టు గడిచాక తనే పెట్టడం మొదలుపెట్టింది.

సరిచూసుకోవడం ఎలా: మూతి కట్టిన సంచిని ఒక నిమిషం పాత పేపర్ మీద పెట్టి ఎత్తండి. పేపర్ తడిస్తే రెండో సంచి తొడగండి.

4. వాడిన నూనె సింకులో పోయొద్దు

గారెలు, బజ్జీలు, పూరీలు చేసే ఇళ్లకి ఇదే అన్నిటికంటే ముఖ్యం. నూనె పైపులో గడ్డకడితే కింది ఇంటి సింకు కూడా నిండుతుంది, బాగుచేయించిన బిల్లు మీ తలుపు తడుతుంది.

కొంచెమే మిగిలితే టిష్యూతో తుడిచి మండే చెత్తలో వేయండి. మూకుడు నిండా ఉంటే గట్టిపరిచే పొడి వాడండి:

- నూనె బాగా వేడిగా ఉండగానే స్టవ్ ఆపేయండి. ఆపాకే పొడి వేయాలి.
- ప్యాకెట్ మీద చెప్పిన కొలత ప్రకారం వేసి, పలుకు లేకుండా కరిగేదాకా కలపండి.
- ఇక కదపకుండా గంటసేపు వదిలేయండి.

గంట తర్వాత చూస్తే నూనె జున్నులా పేరుకుని ఉంటుంది. అట్లకాడ అంచున దూర్చి లేపితే దిబ్బరొట్టె లేచినట్టు మొత్తం ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. పేపర్‌లో చుట్టి మండే చెత్తలో వేసేయడమే. ఈ పొడిలో ఉన్నది ఆముదం నుంచి తీసిన పదార్థమే. మనకి తెలిసిన ఆముదం జపాన్ వంటింట్లో ఇలా ఎదురవుతుందని నేనైతే అనుకోలేదు.

తరచూ జరిగే తప్పు: రాత్రి వంట చేసి పొద్దున గుర్తొచ్చి చల్లారిన నూనెలో పొడి కలపడం. అది కరగదు, అడుగున పేరుకుంటుంది. అలా అయితే నూనె మళ్లీ వేడి చేయాలి, వేడయ్యేదాకా స్టవ్ దగ్గర్నుంచి కదలకూడదు. నూనె వేడిగా ఉండగా సంచిలో పోయడం, వేడి ముద్దని ఎత్తడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. పొడి అయిపోయిందా? పాల డబ్బాలో నలిపిన పేపర్లు కుక్కి, పూర్తిగా చల్లారిన నూనె పోసి, కొంచెం నీళ్లు కూడా పోసి మూతిని టేపుతో గట్టిగా అంటించండి. నీళ్లెందుకంటే, నూనె పీల్చిన కాగితం వేసవిలో తనంతట తానే వేడెక్కే ప్రమాదం ఉంది.

5. బాటిల్, సీసా, ప్యాకెట్: కడగాలి, ఆరబెట్టాలి

పెట్ బాటిల్‌కి మూడు పనులు: మూత తీయాలి, లేబుల్ చింపాలి, లోపల కడగాలి. మూత, లేబుల్ ప్లాస్టిక్‌లోకి. బాటిల్ పెట్ కుప్పలోకి. త్రికోణంలో 1 అంకె ఉందో లేదో చూడండి. అది ఉంటేనే పెట్. సోయా సాస్ బాటిల్ మీద ఉంటుంది. వంటనూనె బాటిల్ చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా దాని మీద ఆ గుర్తు ఉండదు, చతురస్రంలో రెండు కటకానా అక్షరాలు ఉంటాయి. దాన్ని "పురా" అని చదువుతారు, ప్లాస్టిక్ అని. అంటే అది ప్లాస్టిక్ ప్యాకింగ్ కుప్పలోకి. మన ఇళ్లలో నూనె బాటిళ్లు ఎక్కువ కాబట్టి ఈ పొరపాటూ ఎక్కువే.

జిడ్డు వదిలేదాకా కడిగితేనే పురా కుప్ప. కడిగినా వదలకపోతే టోక్యోలో మండే చెత్తలో వేసేయొచ్చు. పసుపు మరక ఉంటే ఫర్వాలేదు, వేలితో రాస్తే జారకూడదు. నేను పెట్టుకున్న పరీక్ష అదే.

నా మొదటి నెలలో వెనక్కి వచ్చిన సంచి ఆవకాయ సీసాది. మూత గట్టిగా బిగించి, అడుగున రెండు వేళ్ల నూనెతో సహా గాజు సీసాల్లో పెట్టేశాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కన్రినిన్ సాన్ ఆ సీసా పట్టుకుని కింద నిలబడి ఉన్నాడు. మూత తీసి వాసన చూసి, వరసగా మూడు తుమ్ములు తుమ్మి, ఏమీ అనకుండా రెండు చేతులూ తోముతున్నట్టు చూపించాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఆవకాయ సీసాని ముందు టిష్యూతో తుడిచి, ఆ తర్వాత వేడినీళ్లు, సబ్బుతో కడుగుతున్నాం.

పాల డబ్బాలు కడిగి, కత్తెరతో చీల్చి, పరిచి, ఆరబెట్టి కట్ట కట్టాలి. ఇంత ఓపిక లేదంటారా, సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర చూడండి. పాల డబ్బాలు, తెల్ల ట్రేలు, పెట్ బాటిళ్లు వేయడానికి పెట్టెలు ఉంటాయి. కూరగాయలకి వెళ్లేటప్పుడు తీసుకెళ్లి వేసేయొచ్చు, వారం రోజులు దాచాల్సిన పని ఉండదు. అక్కడ కూడా కడిగినవే వేయాలి.

అట్టపెట్టెలకి టేపు పీకేసి, విప్పి, తాడుతో ప్లస్ గుర్తులా కట్టండి. అంతే.

6. కాలేవి, కోసేవి, పేలేవి

ఇక్కడ మాత్రం అశ్రద్ధ వద్దు. చెత్త బండ్లు తగలబడేది వీటివల్లే.

పవర్ బ్యాంకు, పాత ఫోను, తీగ లేని ఇయర్‌ఫోన్స్ వంటి వాటిలో లిథియం బ్యాటరీ ఉంటుంది. ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది కదా అని పురా సంచిలో వేస్తే, బండిలో నలిగి నిప్పంటుకుంటుంది. లోహపు కొనలకి టేపు అంటించి, ఎలక్ట్రానిక్స్ షాపుల్లోనో వార్డు చెప్పిన చోటో ఇవ్వండి. ఉబ్బిపోయిన బ్యాటరీ అయితే షాపు పెట్టెలో వేయకండి, ముందు వార్డు ఆఫీసుకి ఫోన్ చేయండి.

స్ప్రే డబ్బాలు, పోర్టబుల్ స్టవ్ గ్యాస్ డబ్బాలు పూర్తిగా వాడేసి, వేరే సంచిలో పెట్టండి. కన్నం పెట్టాలా వద్దా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. మీ గోమి క్యాలెండర్‌లో చెప్పకపోతే పెట్టకండి.

విరిగిన గాజు, కత్తిపీట బ్లేడు వంటివి మందంగా పేపర్‌లో చుట్టి, పైన "కికెన్" అని జపనీస్‌లో రాయండి. ప్రమాదం అని అర్థం. మూడే కటకానా అక్షరాలు, ఫోన్‌లో చూసి గీస్తే చాలు. సంచి ఎత్తేవాడి చేతికి తెగకూడదు కదా.

7. పొద్దున్నే పెట్టండి, మళ్లీ వెళ్లి చూడండి

మా దగ్గర ఆ రోజు ఉదయం 8 లోపు పెట్టాలి. ముందు రాత్రే పెట్టేస్తే కాకులకి విందు. టోక్యో కాకులు మామూలువి కావు, సంచి చీల్చి కోడి ఎముకలు ఏరుకుంటాయి. సంచి పెట్టాక వల దాని మీదికి పూర్తిగా లాగి, అంచులు కింద పడేలా సర్దండి. ఫుకువోకాలో దీనికి తిరగబడ్డ లెక్క. అక్కడ సూర్యాస్తమయం నుంచి అర్ధరాత్రి లోపు పెట్టాలి, బండి రాత్రిపూట వస్తుంది. లోపలే చెత్త గది ఉన్న కొన్ని అపార్ట్‌మెంట్లలో ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. ఇల్లు వెతికేటప్పుడే ఈ సంగతి అడగండి. స్టేషన్‌కి ఐదు నిమిషాల దగ్గర కన్నా ఇది ఎక్కువ సుఖం.

మొదటి నెల ఒక చిట్కా: 7:30కి కిందకి దిగి, అక్కడ పెట్టి ఉన్న సంచులు చూడండి. అందరివీ పెట్ బాటిళ్లయితే మీ చేతిలో మండే చెత్త ఉన్నప్పుడు వెనక్కి తిరగండి.

బండి వెళ్లాక ఒకసారి చూడండి. సంచి మిగిలిపోయిందా? స్టిక్కర్‌ని ఫోన్ కెమెరాతో అనువాదం చేసి చదవండి. సాధారణంగా మూడే కారణాలు: రోజు తప్పు, రకం తప్పు, కడగలేదు. సంచిని వెంటనే ఇంట్లోకి తీసుకెళ్లి, సరిచేసి, సరైన రోజు పెట్టండి. "నాది కాదులే" అని వదిలేస్తే మాత్రం తప్పించుకోలేరు. ఆ వీధిలో మెంతికూర కట్టలు, కరివేపాకు రెమ్మలు ఉండే సంచి ఎవరిదో అందరికీ తెలుసు.

8. పెద్ద సామాను పారేయాలంటే

టోక్యో 23 వార్డుల్లో ఒక పక్క 30 సెంటీమీటర్లు దాటిన సామాను చాలావరకు సోదై గోమి. యోకోహామాలో లోహం కానివైతే 50 సెంటీమీటర్లు దాటాలి. వరస ఇది: ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో బుక్ చేయండి, వాళ్లు తేదీ, రుసుము, నంబరు చెప్తారు. కన్వీనియెన్స్ స్టోర్‌లో ఆ రుసుముకి సరిపడా స్టిక్కర్లు కొనండి. టోక్యోలో ఎ రకం 200 యెన్, బి రకం 300 యెన్. స్టిక్కర్ మీద పేరో నంబరో రాసి, సామాను మీద కనిపించేలా అంటించి, చెప్పిన రోజు పొద్దున పెట్టండి.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇళ్లు మారేవాళ్లు ఎక్కువ, తేదీ దొరకడం కష్టం. ఇండియా తిరిగి వెళ్లిపోయేవాళ్లు కనీసం నెల ముందే బుక్ చేయండి. బాగున్న మంచం, బల్ల అయితే ముందు మనవాళ్ల గ్రూపుల్లో "ఉచితం, మీరే వచ్చి తీసుకెళ్లాలి" అని పెట్టండి. సాయంత్రానికి వెళ్లిపోతాయి.

టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీ మాత్రం సోదై గోమిలో కూడా తీసుకోరు. వాటికి 2001 నుంచి విడిగా రీసైక్లింగ్ చట్టం ఉంది, రుసుము మనమే కట్టాలి. కొన్న షాపునో, కొత్తది కొంటున్న షాపునో అడిగితే తీసుకెళ్తారు. వీధిలో మైకు పెట్టుకుని "ఉచితంగా తీసుకెళ్తాం" అని తిరిగే బండ్లని పిలవకండి. సామాను ఎక్కించాక డబ్బు అడిగి పేచీ పెట్టుకునేవాళ్లు ఉన్నారు. రాత్రిపూట ఎక్కడో వదిలేసి రావాలని మాత్రం అనుకోవద్దు. అక్రమంగా చెత్త పారేస్తే ఐదేళ్ల వరకు జైలు, కోటి యెన్ల వరకు జరిమానా అని చట్టంలోనే ఉంది.

ఇంకో రెండు ప్రశ్నలు

*బయట చెత్తబుట్టలు ఎందుకు కనిపించవు?* 1995 మార్చిలో టోక్యో సబ్‌వేలో సారిన్ విషవాయువు దాడి జరిగాక చాలాచోట్ల తీసేశారు. బ్యాగులో ఒక చిన్న కవర్ పెట్టుకుని తిరగండి, ఇంటికి తెచ్చుకోండి. వెండింగ్ మెషీన్ పక్కన ఉండే బుట్ట ఖాళీ బాటిళ్లకి, డబ్బాలకి మాత్రమే. ఇంటి చెత్త తీసుకెళ్లి కన్వీనియెన్స్ స్టోర్ బుట్టలో వేయకండి.

*వినాయక చవితి తర్వాత విగ్రహం, పత్రి ఏం చేయాలి?* నదిలో, సముద్రంలో కలపకండి. పత్రి, పూలు నీళ్లు దులిపి పేపర్‌లో చుట్టి మండే చెత్తలో పెట్టొచ్చు. మనసొప్పకపోతే కుండీలో ఎరువుగా వేసుకోండి. హారతి బూడిద, అగరుబత్తి పుల్లలు నీళ్లతో తడిపాకే వేయాలి. మట్టి విగ్రహం దగ్గరే చిక్కు: టోక్యోలో మట్టిని, రాళ్లని ఏ రకం చెత్తగానూ తీసుకోరు. మేము బకెట్‌లో నిమజ్జనం చేసి, ఆ మట్టిని బాల్కనీలో తులసి కుండీలో పోస్తాం. కుండీ లేకపోతే ఈసారికి పసుపు ముద్దతో చేసుకోండి, నీళ్లలో కరిగిపోతుంది.